ఈ ఫిట్జ్ అనేవాడు కథంతా ఇట్నే కుమిలిపోతా ఉంటాడా?

ఒంగోలు_గిత్త
రాబిన్ హాబ్ రాసిన ఫార్‌సీర్ ఫాంటసీ సిరీస్ ఇక్కడ ఎవరన్నా చదివారా? మా ఆఫీసులో ఒకాయన పోరు పడలేక మొదటి పుస్తకం తెప్పించుకున్నా, 'అసాసిన్స్ అప్రెంటిస్', అంటే హంతకుడి శిష్యుడు. పేరు చూసి ఏమనుకుంటాం? విషాలు, కత్తులు, అర్ధరాత్రి కోట గోడలెక్కడం. సగం దగ్గరకొచ్చా. ఈ ఫిట్జ్ అనే కుర్రాడు గుర్రాలసాలలో కూర్చుని ఆలోచిస్తాడు. మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తాడు. కుక్కపిల్లను పక్కన పెట్టుకుని ఆలోచిస్తాడు. ఎవరన్నా ఒక మాటంటే దాన్ని మూడు పేజీలు నములుతాడు. ఈ లోకం మీదే ఆమె అన్ని సిరీస్‌లూ కలిపి మొత్తం 16 పుస్తకాలంట, అందులో 9 వీడివేనంట! ఎక్కడన్నా లేచి నిలబడతాడా? నిలబడేట్టయితే చెప్పండి, చదువుతా. లేకపోతే సగం రేటుకి అమ్మేస్తా.

కావలి_కుర్రోడు
లేవడు. అమ్మెయ్. సగం రేటంటే ఎంత?

చీమకుర్తి_రాయి
గిత్తా, నీ బాధ నాకు తెలుసు. నేను ఫార్‌సీర్ మూడు పుస్తకాలూ పూర్తి చేసినోణ్ణి. రాజకుమారుడికి పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకు, కోటలో ఎవరికీ అక్కర్లేదు, ముసలి రాజు వీణ్ణి గుట్టుగా హంతకుడిగా తయారు చేయిస్తాడు. ఎంత మంచి కథ! మంచి కథని పట్టుకుని ఈ మనిషి "అయ్యో నేనిట్టా చేసి ఉండకూడదే" అని వందల పేజీలు. చేసేముందు ఆలోచిస్తే సరిపోయేదిగా? వీడు చేసేముందు ఆలోచించడు, చేసినాక ఆపడు.

మైపాడు_అల
స్పాయిలర్లు లేకుండా చెప్తా.

ఫిట్జ్ చాలా ఆలోచిస్తాడు, కాదన్ను. కానీ ఆ ఆలోచనల్లో సగం తప్పులు. కిటుకంతా అక్కడే ఉంది. బరిచ్ ఆ కుక్కపిల్లని, నోసీని, లాక్కుపోయిన రోజు గుర్తుందా? చంపేశాడనే అనుకున్నాడు పిల్లాడు. ఇక ఆ రోజు నుంచి బరిచ్‌ని చూస్తే వాడికి భయం, మనకి మంట. కథ చెప్పేది వాడొక్కడే కాబట్టి వాడు చూసిందే మనం చూస్తాం. కానీ బరిచ్ ఏం చేస్తున్నాడో వరసగా చూసుకుంటా పో. పిల్లాడు తిన్నాడా, ఒంటి మీద చొక్కా సరిపోతోందా, ఈ దెబ్బ ఎక్కడ తగిలింది, ఇవన్నీ పట్టించుకునేది కోట మొత్తంలో ఎవరు? ఆ గుర్రాలు చూసుకునే మనిషే. ఫిట్జ్ అవన్నీ తన చేత్తోనే రాస్తాడు, రాస్తా కూడా అర్థం చేసుకోడు. మనకి ముందే తెలిసిపోతుంది, వాడికి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. నాకైతే కత్తియుద్ధాల కంటే ఇదే ఎక్కువ టెన్షన్ పెట్టింది. నోసీ ఏమైందో చివర్లో తేలుతుంది, అది మాత్రం చెప్పను.

ఇంకోటి. ప్రతి అధ్యాయం ముందు ఒక పేరా ఉంటుంది చూడు, రాజ్యం చరిత్రో, మూలికల సంగతో, ఏదో ఆచారమో. చాలామంది దాన్ని దాటేసి పోతారు. దాటకు. కథ చెప్తున్నవాడు కుర్రాడు కాదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్కడో ఒంటరిగా కూర్చుని, దేశచరిత్ర రాద్దామని కలం పట్టినవాడు. రెండు వాక్యాలు రాజ్యం గురించి రాస్తాడు, మూడోదానికి తన గొడవలోకి జారిపోతాడు.

ఒంగోలు_గిత్త
ఆ పేరాలు నేను దాటేస్తూనే ఉన్నా అక్కా. మూలికల పేర్లు ఎవడు చదువుతాడు.

మైపాడు_అల
విషాలు కావాలన్నావుగా. ఆ మూలికలే విషాలు.

కావలి_కుర్రోడు
😂😂 అక్క కొట్టింది

రొయ్యలగుంట_కాపలా
నేను దీన్ని ఇందుకూరుపేట దగ్గర మా గుంట మీద చదివినా, ఫోన్లో. తెల్లారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోద్దని రెండింటికాణ్ణించి మేలుకునే ఉంటాం. ఏరియేటర్ల మోత తప్ప ఇంకేముండదు. అప్పుడప్పుడూ లేచి టార్చి యేసి నీళ్ళపైకి రొయ్య తేల్తా ఉందేమో చూసుకోవాల, మళ్ళీ మంచం మీదకొచ్చి ఫోన్ పట్టుకోవాల. ఆ టైముకి ఈ ఫిట్జ్ బాగా సరిపోయినాడు నాకు.

ఒక సంగతి ఎవురూ ఎత్తలా. ఎర్ర ఓడలోళ్ళు. వాళ్ళు ఫోర్జ్ అనే ఊరి మీద పడి జనాన్ని పట్టుకుపోతారు. మామూలుగా దొంగలేమంటారు, డబ్బియ్యకపోతే చంపేస్తాం అంటారు. వీళ్ళు డబ్బియ్యకపోతే తిరిగి పంపిచ్చేస్తాం అంటారు! పంపిస్తారు గూడా. వచ్చినోళ్ళకి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆకలైతే పక్కోడి చేతిలోది లాక్కుంటారు, చలేస్తే పక్కోడి గుడ్డలు ఊడబీక్కుంటారు. ప్రాణం ఉండాది, అది తప్ప ఇంకేం లేదు. నాకు రాత్రిపూట ఆ అధ్యాయం చదివి ఒళ్ళు జలదరించింది సామీ, లేచి గుంట చుట్టూ ఒక రౌండు తిరిగొచ్చినా.

ఇప్పుడు చెప్పు గిత్తా. ఏమీ అనిపించని మనుషులు ఊళ్ళమీద తిరగతా ఉంటే వాళ్ళకెదురుగా ఎవుర్ని నిలబెడతావు? కండలోణ్ణా? కండలోళ్ళు ఆ కోటలో చానామంది ఉండారు. రాబిన్ హాబ్ ఏరి కోరి అన్నీ అనిపించేవాణ్ణి పెట్టింది.

చీమకుర్తి_రాయి
బాగా చెప్పావు కానీ అది మొదటి పుస్తకానికి సరిపోద్ది. మూడోది, 'అసాసిన్స్ క్వెస్ట్', 1997లో వచ్చింది, అది చదివావా? నడుస్తాడు. జ్వరం. మళ్ళీ నడుస్తాడు. దెబ్బ తగులుద్ది. నడుస్తాడు. కొండలెక్కి ఎక్కి చివర్లో మొత్తం హడావిడిగా కట్టేసింది. పాఠకుణ్ణి అంతసేపు నడిపించి చివర్లో లారీ ఎక్కించి పంపినట్టుంది.

రొయ్యలగుంట_కాపలా
అది ఒప్పుకుంటా. మూడోదాంట్లో నడక ఎక్కువే.

దర్శి_మాస్టారు
నెల్లూరు వాళ్ళు ఇంతమంది ఉండి ఇంతవరకు తిక్కన పేరు ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

కుమిలే హీరో కొత్తేమీ కాదు. భారతంలో అసలు హీరో ఎవరు? యుద్ధం అయిపోయింది, గెలిచారు, సింహాసనం ఖాళీగా ఉంది. అప్పుడు కర్ణుడు తన అన్న అని తెలిసి ధర్మరాజు కూలబడ్డాడు. రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్ళు వాదించారు. ద్రౌపది కోప్పడింది. వ్యాసుడు నచ్చజెప్పాడు, కృష్ణుడు నచ్చజెప్పాడు, అయినా తేరుకోక చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. అంత పెద్ద శాంతిపర్వం మొదలయ్యేదే ఒక మనిషి దిగులుతో. తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేశాడు, అందులో భగవద్గీతను బాగా కుదించేశాడు. ధర్మరాజు శోకానికి మాత్రం చోటిచ్చాడు. పెన్నా ఒడ్డున 13వ శతాబ్దంలోనే మనవాళ్ళు ఇలాంటి హీరోను కూర్చుని విన్నారు. మీకు ఒక్క నవల చదవడానికి ఓపిక లేదంటే ఎలా నాయనా?

చీమకుర్తి_రాయి
మాస్టారూ, ధర్మరాజు పక్కన భీముడున్నాడు. అందుకే విన్నారు.

కావలి_కుర్రోడు
మాస్టారు క్లాసు పీకుతుంటే వెనక బెంచీ నుంచి ఈ సమాధానం 🔥

దర్శి_మాస్టారు
భీముడు లేకపోతే భారతం నడవదని నేనూ అంటాను. కానీ నడిచింది ఎవరి కోసం?

మైపాడు_అల
ఇక్కడా భీముడున్నాడు, తోడేలు రూపంలో. రెండో పుస్తకంలో ('రాయల్ అసాసిన్', 1996) ఫిట్జ్ బోనులో ఉన్న తోడేలు పిల్లని కొంటాడు. నైట్ఐస్. వాడికి జంతువులతో మనసుతో మాట్లాడే శక్తి ఉంది, విట్ అంటారు. ఆ రాజ్యంలో అది బయటపడితే చంపేస్తారు. ఆ తోడేలుకి నిన్న లేదు, రేపు లేదు. వేట, నిద్ర, జట్టు. ఫిట్జ్ మొదలెట్టగానే అది వెక్కిరిస్తుంది. గిత్తా, నీకున్న విసుగంతా ఆ తోడేలుకీ ఉంది. నీ తరఫున అదే తిడుతుంది, ఆ పుస్తకం దాకా ఆగు.

పెన్నా_గట్టు
ఆ తోడేలు తర్వాత సిరీస్‌లో ఒక చోట

మైపాడు_అల
ఆపండి!!

రొయ్యలగుంట_కాపలా
ఓ సామీ, ఆపు

దర్శి_మాస్టారు
మహాప్రస్థానంలో కుక్క సంగతి అయితే చెప్పుకోవచ్చు, దానికి స్పాయిలర్ లేదు. స్వర్గం గుమ్మం దాకా వచ్చి, కుక్కను వదిలి రమ్మంటే నేనూ రానన్నాడు ధర్మరాజు. ఫిట్జ్‌కి విట్ అంటగట్టినవాళ్ళు ఆయన్నేమంటారో.

పెన్నా_గట్టు
సరే, తోడేలు సంగతి వదిలేస్తా. కానీ ఒక మాట. మా తరం పెరిగింది చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ మీద. 1954లో తోకచుక్కతో మొదలెట్టి ఏళ్ళ తరబడి రాశాడాయన. రాకాసిలోయ, శిథిలాలయం, వాటికి చిత్రా గీసిన బొమ్మలు. నెల మొదట్లో పుస్తకం కోసం ఇంట్లో కొట్టుకునేవాళ్ళం. అందులో శిఖిముఖి, విక్రమకేసరి ఏనాడన్నా కూర్చుని "నేనెవణ్ణి" అనుకున్నారా? అనుకునే లోపల పొదల్లోంచి ఏదో ఒకటి దూకేది. 1951లో పాతాళభైరవి చూడు, తోటరాముడు గూడా అనుకోని హీరోనే, తోటమాలి కొడుకు, రాజకుమారిని కోరుకున్నాడు. కానీ అతనికి తన మీద తనకి అనుమానం లేదు. ఆ అనుమానం లేకపోవడమే జనానికి కావాల్సింది. పగలంతా అనుమానాల్తో చచ్చి, సాయంత్రం మళ్ళీ ఒకడి అనుమానాలు చదవాల్నా?

చీమకుర్తి_రాయి
పెన్నా గట్టు అన్నకి నా ఓటు.

మైపాడు_అల
చందమామ సీరియల్ నెలకి కాసిని పేజీలే. అందులో కూర్చుని ఆలోచిస్తే పక్క నెలకి పాఠకుడుండడు. ఈమె నవల నాలుగైదు వందల పేజీలు. రెండిటికీ ఒకే కొలత పెడితే ఎట్టా? నాకు శిఖిముఖీ కావాలి, ఫిట్జూ కావాలి.

పెన్నా_గట్టు
అది సరే. దాసరి గారికి ఇన్ని పేజీలిచ్చుంటే శిఖిముఖి కూర్చుని ఏం ఆలోచించేవాడో చూడాలనుంది నాకు.

బకింగ్‌హాం_కాలవ
ఫిట్జ్‌కే ఇంత గోలా? మీరు థామస్ కవనెంట్‌ని చూళ్ళేదు. స్టీఫెన్ డోనాల్డ్‌సన్, 1977. హీరో కుష్టురోగి, కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. మాయాలోకంలో పడతాడు, అక్కడివాళ్ళు వీణ్ణి వీరుడంటారు, వీడు ఇదంతా కల, నేను నమ్మను అంటాడు. పైగా మొదట్లోనే, తనకి సాయం చేసిన అమ్మాయి మీద క్షమించరాని ఘోరం చేస్తాడు. చాలామంది పుస్తకం అక్కడే మూసేస్తారు. ఆ రచయిత చిన్నతనమంతా మన దేశంలోనే గడిచింది, తండ్రి ఇక్కడ కుష్టురోగులకి వైద్యం చేసిన డాక్టరు. అందుకే కాబోలు, ఆ జబ్బు గురించి రాసిన పేజీలు వేరే స్థాయిలో ఉంటాయి. ఒంటికి స్పర్శ లేదు కాబట్టి దెబ్బ తగిలినా తెలియదు, గంటకోసారి ఒళ్ళంతా కళ్ళతో వెతుక్కోవాలి. నేను మొదటి పుస్తకం పూర్తి చేశా, రెండోది ముట్టుకోలా.

చీమకుర్తి_రాయి
దీంతో పోలిస్తే ఫిట్జ్ బంగారం. గిత్తా, అమ్మకు.

కావలి_కుర్రోడు
మధ్యలో నువ్వేందన్నా, బేరం చెడగొడతా ఉండావ్

అమ్మమ్మగారిల్లు
మామూలుగా చదివి వెళ్ళిపోతా, రాయను. పిన్ను సంగతి ఎవరూ ఎత్తలేదని రాస్తున్నా.

విందు అయిపోయిన మర్నాడు తెల్లారే పిల్లాడు కుక్కపిల్లతో హాల్లో మిగిలిన తిండి ఏరుకుంటా ఉంటాడు. ముసలి రాజు వస్తాడు. వాణ్ణి తిట్టడు. చిన్న కొడుకు రీగల్ ఈసడించుకుంటుంటే, అక్కర్లేదని వదిలేస్తే ఇట్టాంటివాణ్ణి ఇంకెవడన్నా మనమీదకే వాడుకుంటాడని చెప్తాడు. తర్వాత పిల్లాడితో నేరుగా బేరం పెడతాడు. తిండి, బట్ట, చదువు నేనిస్తా, ఇంతకంటే ఎక్కువ ఇస్తామని ఎవరన్నా వస్తే ముందు నా దగ్గరికి రా. చెప్పి, తన బట్టలకున్న ఎర్రరాయి వెండి పిన్ను తీసి వాడి మాసిన చొక్కాకి గుచ్చుతాడు. సొంత తాత! మనవణ్ణి కొనుక్కున్నాడు. ఇక్కడ అసలు దెబ్బ ఏందంటే పిల్లాడికి అది అవమానంగా అనిపించదు. ఎవరో ఒకరు తనకి ఒక ధర కట్టారు, అదే చాలు వాడికి.

నేను మేనమామ ఇంట్లో పెరిగా. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కడుపునిండా పెట్టారు, ఫీజులు కట్టారు. కానీ రెండోసారి కూర వేసుకోవాలంటే ముందు అత్త మొహం చూసేవాణ్ణి. గిన్నె అడుగు కనపడుతోందా, ఇంకా ఎవరు తినాలి, ఇవన్నీ లెక్కేసుకున్నాకే చెయ్యి చాచేది. ఎవరన్నా ఒక మాటంటే మూడు పేజీలు నములుతాడని గిత్త అన్న రాశాడు. ఇంకొకరి పంచన పెరిగేవాడు నమలాల్సిందే. మాట వెనక ఏముందో ముందే తెలుసుకోకపోతే వాడికి కుదరదు. నేను ఆ పేజీలు చదువుతుంటే ఎక్కడా నెమ్మదిగా ఉన్నట్టు అనిపించలా.

రొయ్యలగుంట_కాపలా
అన్నా, రాస్తా ఉండు అప్పుడప్పుడూ.

దర్శి_మాస్టారు
ఇలాంటి పోస్టు కోసమే ఈ గోలంతా భరిస్తున్నా.

ఒంగోలు_గిత్త
పిన్ను సీను మళ్ళీ తిరగేశా. సీను బాగుంది, దానికి ఎదురు చెప్పను. కానీ ఒక విషయం, ఇది హంతకుడి కథ అని అట్ట మీద వేయకుండా ఉంటే నా గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు గాలెన్ దగ్గరున్నా. స్కిల్ అనే విద్య నేర్పేవాడు. గోపురం మీద చలిలో పిల్లల్ని నిలబెట్టి, తిట్టి, కొట్టి, నువ్వు ఎందుకూ పనికిరావు అని వాళ్ళే నమ్మేదాకా వదలడు. ఫిట్జ్‌ని కొట్టిన చోట పుస్తకం మూసేశా. ఈసారి విసుగుతో కాదు, కోపంతో. చదువు చెప్పేవాడు ఎవడన్నా ఇట్లా చేస్తాడా?

కావలి_కుర్రోడు
అన్నా నువ్వు ఇంటర్ ఎక్కడ చదివావ్?

బకింగ్‌హాం_కాలవ
😂😂😂 హాస్టల్లో చదివినోడు ఎవడూ ఈ ప్రశ్న వేయడు

ఒంగోలు_గిత్త
గవర్నమెంటు కాలేజీ. సార్లు రాకపోయేది, అందుకే బతికిపోయా.

రొయ్యలగుంట_కాపలా
నాకొకటనిపిస్తది. ఈ ఫిట్జ్‌ని ఒకసారి రొట్టెల పండక్కి తీసుకొచ్చి స్వర్ణాల చెరువులో నిలబెట్టాల.

పెన్నా_గట్టు
ఏ రొట్టె పట్టిస్తావు?

రొయ్యలగుంట_కాపలా
అదే ఆలోచిస్తా ఉండా. ఉద్యోగం రొట్టె వద్దు, ఉన్న ఉద్యోగమే మనుషుల్ని చంపేది. పెళ్ళి రొట్టె ఇస్తే దానికి ఇంకో మూడు పుస్తకాలు కుమిలిపోతాడు. ఆరోగ్యం రొట్టె ఇచ్చి పంపిద్దాం, ప్రతి పుస్తకంలో ఏదో ఒక దెబ్బ తింటాడు గదా.

మైపాడు_అల
ఇవ్వాలంటే ముందు వాడు చెయ్యి చాపాలి. నాకు అర్హత ఉందా అని అక్కడే నీళ్ళల్లో నిలబడి సాయంత్రం చేస్తాడు.

చీమకుర్తి_రాయి
ఇప్పుడు దారికొచ్చావు అక్కా 😄

నిమ్మతోట
పోస్టులన్నీ ఇప్పుడే చదివా. నాకు పుస్తకాల వరస చెప్పండి. లైవ్‌షిప్ అని మధ్యలో మూడు పుస్తకాలున్నాయి, అందులో ఫిట్జ్ లేడంట. అవి వదిలేసి పోవచ్చా?

బకింగ్‌హాం_కాలవ
వదిలేయొచ్చు. నేను అట్నే చదివా. ఫిట్జ్ 2001లో 'ఫూల్స్ ఎరాండ్'తో మళ్ళీ వస్తాడు, ముప్పై అయిదేళ్ళ మనిషి, ఎక్కడో గుడిసెలో కోళ్ళు పెంచుకుంటా. అర్థం కావడానికి ఇబ్బందేం రాలా.

మైపాడు_అల
వదలొద్దు. అచ్చయిన వరసలోనే చదవండి. 1995 నుంచి 97 దాకా ఫార్‌సీర్, తర్వాత 2000 దాకా లైవ్‌షిప్, తర్వాత ఫిట్జ్ మళ్ళీ, తర్వాత రెయిన్ వైల్డ్స్ నాలుగు, చివరి మూడు 2014 నుంచి 2017 దాకా. లైవ్‌షిప్‌లో ఓడలకి ప్రాణముంటుంది, మాట్లాడతాయి, అలుగుతాయి. పైగా అందులో ఒకళ్ళిద్దరు కాదు, చాలామంది కళ్ళతో కథ చూపిస్తుంది. ఫిట్జ్ ఒక్కడి మెదడులో ఇరుక్కుని ఊపిరాడక బయటికొచ్చినవాళ్ళకి అది మంచి గాలి. అందులో వచ్చే ఒకరిని తర్వాత సిరీస్‌లో గుర్తుపడితే ఆ సరదానే వేరు. బకింగ్‌హాం గారు అది పోగొట్టుకున్నారు.

బకింగ్‌హాం_కాలవ
ఎవర్ని??

మైపాడు_అల
చదవండి.

ఒంగోలు_గిత్త
గాలెన్ దాటా. ఒక్కటి అడుగుతా, మైపాడు అక్కా, మీరు బరిచ్‌ని మరీ నెత్తిన పెట్టుకున్నారు. విట్ బయటపడితే చంపేస్తారు, భయపడ్డాడు, సరే. దానికి ఆరేడేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి కుక్కపిల్లని లాక్కుపోయి ఏమీ చెప్పకుండా ఉండటమేంది? "చంపలేదురా" అని ఒక్క మాట అంటే ఆ పిల్లాడు ఇన్నేళ్ళు ఇంత భయం మొయ్యడు కదా?

చీమకుర్తి_రాయి
అది కరెక్ట్. మొత్తం సిరీస్‌లో ఎవడూ ఎవడికీ ఒక్క మాట నోరు తెరిచి చెప్పడు. చెప్తే రెండు పుస్తకాల్లో అయిపోయేది.

అమ్మమ్మగారిల్లు
మా మామయ్య మా నాన్న గురించి నాకు ఎప్పుడూ ఏమీ చెప్పలా. నేనూ అడగలా. బరిచ్ చెప్పకపోవడంలో నాకు వింతేమీ కనపడలేదు, తప్పు మాత్రం కనపడింది.

మైపాడు_అల
తప్పు కాదని నేనెప్పుడన్నా అన్నానా? ప్రేమ ఉందన్నా, తెలివి ఉందన్లేదు. గిత్తా, నువ్వు ఫిట్జ్ గురించి వదిలేసి బరిచ్ గురించి గొడవపడుతున్నావు, గమనించావా?

ఒంగోలు_గిత్త
గొడవపడతా, అతను చేసింది తప్పు. నోసీ సంగతి తేలాక మళ్ళీ వచ్చి గొడవపడతా. నిమ్మతోట గారూ, వరస సంగతి అడిగారు కదా, ఈ అక్క చెప్పినట్టు వినండి, లేకపోతే మూలికల్లో ఏదో ఒకటి కలిపేట్టుంది.